రేవులో ఎడమ చెయ్యి

మా సూరన్న గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. అరుగు మీద అడిగితే తోటలోకి తీసుకెళ్లేవారు, తోటలో అడిగితే ఇంకెవరింటికో తీసుకెళ్లేవారు. "పద నాయనా, కాళ్లు కదిలితే గాని చెవులు తెరుచుకోవు" అనేవారు. వెనకటికి ఒక శిష్యుడు మోక్షం గురించి అడిగితే, వాణ్ణి నూనె గానుగ దగ్గరికి తీసుకెళ్లి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండానే ఇంటికి పంపేశారట. ఆ మనిషి మళ్లీ మోక్షం ఊసెత్తలేదు. అర్థమై ఎత్తలేదో, నడుం నొప్పి పుట్టి ఎత్తలేదో మాకు తెలియదు.

ఆయన సన్యాసి కాదు. కాషాయం కట్టలేదు, గడ్డం పెంచలేదు. కొబ్బరి పీచుతో తాళ్లు పేనుకుని బతికే ఇల్లు వారిది. మా గోదావరి పాయ మీద నడిచే పడవలకు సగం తాళ్లు ఆ ఇంటివే. ఏకాదశి సాయంత్రాలు ఆయన వసారాలో ఓ పదిమందిమి చేరి తత్వాలు పాడుకునేవాళ్లం. ఆయన దగ్గర ఉపదేశం పొందినవాళ్లకు ఒక ఆచారం ఉండేది. ఇల్లు కట్టాలన్నా, సంబంధం ఖాయం చేసుకోవాలన్నా, చివరికి గేదెను కొనాలన్నా, ముందు గురువుగారి చెవిన వెయ్యాలి. ఆయన ఔననక్కర్లేదు, కాదనక్కర్లేదు. వింటే చాలు, మనసుకు అదో ధైర్యం.

అలాంటి ఒక శ్రావణ ఏకాదశి నాడు, తత్వాలు అయిపోయి ప్రసాదం చేతిలో పడ్డాక, పోలిశెట్టి ముత్యాలరావు లేచి నిలబడ్డాడు. ముత్యాలరావుది కొబ్బరి వర్తకం. మంచి మనిషి, దానం చేసే చెయ్యి, నవ్వితే నాలుగు ఇళ్లకు వినపడుతుంది. ఆ రోజు మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెలికలు తిరుగుతూ, "గురువుగారూ, ఒక వాచీ కొనుక్కోవాలని ఉందండి" అన్నాడు.

వసారా అంతా నవ్వింది. "కాయలకు టైం చూపిస్తావా ఏంటి బావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"కాయలకు కాదెహె, కాయలు కొనేవాళ్లకు" అన్నాడు ముత్యాలరావు. నవ్వులు ఆగేదాకా ఆగి, గురువుగారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "హైదరాబాదులో పెద్ద షాపుకెళ్లి చూశానండి. తెల్ల గ్లౌజులు తొడుక్కున్న అమ్మాయి మఖమల్ పళ్లెంలో పెట్టి తెచ్చిందండి. పెళ్లిచూపుల్లో మా ఆవిణ్ణి కూడా అంత జాగ్రత్తగా తేలేదు. పండక్కి పెట్టుకుని బీరువాలో దాచేది కాదండి నాకు కావలసింది, రోజూ పెట్టుకునేది. బంగారపుది ఒకటుంది, ఉక్కుది ఒకటుంది. బంగారపుది చూస్తే ఎవడైనా నమస్కారం పెడతాడు, కాని గీత పడుతుందేమోనని బెంగ. ఉక్కుదైతే తెలిసినవాడికే తెలుస్తుంది, కాని మొండిది. కీ ఇవ్వక్కర్లేదు, మన చెయ్యి కదిలితే అదే తిరుగుతుంది. నీళ్లలో మునిగినా ఏమీ కాదట. రోజువారీకి ఏది తగినదో తమరు సెలవియ్యాలి."

వాటి ఖరీదు కూడా చెప్పాడు. నేనిక్కడ రాయను. రాస్తే మీరు కథ వదిలేసి దాని గురించే ఆలోచిస్తారు. మేమంతా అదే పని చేశాం, ప్రసాదం చేతిలోనే చల్లారిపోయింది.

గురువుగారు జన్మలో వాచీ పెట్టుకున్న మనిషి కాదు. అయినా శ్రద్ధగా విన్నారు. విని, "ఉక్కుది నీళ్లలో మునిగినా ఏమీ కాదన్నారా?" అని అడిగారు.

"ఆయ్. ఎంత లోతైనా అన్నారండి."

ఆయన కాసేపు బయట పడుతున్న వానను చూశారు. "రేపు పొద్దున్న రేవుకు రా నాయనా. ఏటి మధ్య లంకలో ఒకాయన దగ్గర అలాంటిదే ఉంది. రోజూ పెట్టుకుంటాడు. చూసి వద్దాం" అన్నారు. ముత్యాలరావు మొహం వెలిగిపోయింది. వాడిన మనిషిని అడిగి కొనడం కంటే మంచి పద్ధతి వర్తకుడికి ఇంకేముంటుంది చెప్పండి? నేనూ వస్తానన్నాను. వాచీ కోసం కాదు, గురువుగారు ఎక్కడికైనా బయల్దేరితే వెనకాల నడవడం నాకు సరదా.

మర్నాడు తెల్లవారింది గాని వెలుతురు రాలేదు. మబ్బు గోదావరి మీదకు దిగి కూర్చుంది. వరద నీళ్లు ఎర్రగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడు చేసే నీటి కంటే చప్పుడు చెయ్యని నీటికే మా వైపు వాళ్లు భయపడతారు. రేవులో మెట్లు లేవు. ఒడ్డు నుంచి పడవకు ఒక బల్ల వేసి ఉంటుంది, అంతే. ఇక్కడ మా రేవు మర్యాద ఒకటి మీకు చెప్పాలి. బయట ఎక్కడైనా ఎవరికైనా ఎడమ చెయ్యి ఇస్తే తగువైపోతుంది. రేవులో మాత్రం ఎడమ చెయ్యే ఇవ్వాలి. ముందు వెళ్లినవాడు కుడి చేత్తో తాడు బిగించి పట్టుకుని పడవ కదలకుండా ఆపాలి, ఎడమ చెయ్యి వెనక వచ్చేవాళ్లకు అందివ్వాలి. కలెక్టరుగారు వచ్చినా అంతే, కడుపుతో ఉన్న మనిషి వచ్చినా అంతే. ఇది ఎవరూ నేర్పరు, ఏటి ఒడ్డున పుట్టినవాళ్లకు అదే వస్తుంది. ముత్యాలరావు ముందెక్కాడు, కుడి చేత్తో తాడు అందుకున్నాడు, ఎడమ చెయ్యి చాచాడు. గురువుగారు అది పట్టుకుని బల్ల మీద రెండడుగులు వేసి ఎక్కారు. ఆ తర్వాత నేను ఎక్కాను. పడవ నడిపే పోతురాజు గెడ వేశాడు. దారి పొడుగునా ముత్యాలరావు మాట్లాడుతూనే ఉన్నాడు, మధ్య మధ్యలో చొక్కా జేబు తడుముకుంటూ ఉన్నాడు. డబ్బు ఉందేమో అనుకున్నాను.

లంకలో ఆ మనిషి పేరు కడలి రాఘవులు. చాలాకాలం మస్కట్‌లో పనిచేసి తిరిగి వచ్చినవాడు. మేం వెళ్లేసరికి ఏటి వారన నడుం లోతు నీళ్లలో నిలబడి గేదెను కడుగుతున్నాడు. గడ్డిచుట్టతో దాని వీపు రుద్దుతుంటే, ఎడమ మణికట్టుకు ఉక్కు వాచీ బురద కింద మెరిసింది.

"అదేనండి!" అన్నాడు ముత్యాలరావు, గట్టిగా. "అదే కంపెనీ! చూశారా, గేదెను కడుగుతున్నాడు దాంతో!" పంచె ఎగ్గట్టుకుని నీళ్ల అంచుదాకా పోయి, "ఏవండీ, అది నీళ్లలో కూడా తియ్యరా?" అని అడిగాడు.

"తియ్యనండి" అన్నాడు రాఘవులు.

"స్నానానికి?"

"తియ్యనండి."

"పడుకునేటప్పుడు?"

రాఘవులు తల అడ్డంగా ఊపాడు. గేదెను ఒడ్డుకు తోలుకుంటూ వచ్చాడు. దగ్గరగా చూస్తే ఆ అద్దం మీద గీతలు ఎన్నో, లోపల ముళ్లు పొగలోంచి చూసినట్టు మసగ్గా ఉన్నాయి. అయినా తిరుగుతున్నాయి. ముత్యాలరావు ఆ చెయ్యి పట్టుకుని, పశువు పళ్లు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "భేష్. మొండిదన్నది నిజమే. టైం సరిగ్గా చూపిస్తుందా?"

ఆ ప్రశ్న ఎవరూ ఇంతవరకు అడగనట్టు రాఘవులు అతని మొహంలోకి చూశాడు. "చూడనండి" అన్నాడు.

ముత్యాలరావు పకపకా నవ్వాడు. గురువుగారు నవ్వలేదు. "వీరాయమ్మ ఉందా?" అని అడిగారు. ఉందన్నాడు. ఇంటికి నడిచాం.

వీరాయమ్మ రాఘవులుకు మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడాను. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. గురువుగారికి దండం పెట్టింది, మాకు పీటలు వేసింది, వద్దన్నా వినకుండా వడ్డించింది. అన్నం, తోటకూర పులుసు, ఆవకాయ. రాఘవులూ మా పక్కనే కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. తినేటప్పుడు కూడా ఆ వాచీ మా అందరి మధ్యా ఐదో మనిషిలా కూర్చుని ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంది గాని మాట లేదు. మాట లేని ఇంట్లో ముత్యాలరావు ఉండలేడు. "మీ ఇంటావిడ కనబడరేం? పుట్టింటికి వెళ్లారా?" అన్నాడు రాఘవులుతో. మంచి మనసుతోనే అడిగాడు.

"పుట్టిల్లు ఇదేనయ్యా" అంది వీరాయమ్మ. గరిటె గిన్నెలో పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. "మా మంగతాయారు. ఇతను మస్కట్ నుంచి దిగిన రోజున ఏమందో తెలుసా? 'అమ్మా, బావ చెయ్యి ఒక్కటే ఊళ్లోకి దిగిందే, మిగతా మనిషి ఇంకా విమానంలోనే ఉన్నాడు' అంది. అలా ఉండేది ఇతని వరస. రోజూ పెట్టుకోవడానికే కొన్నానే అనేవాడు. పెట్టుకునేవాడు, కాదన్ను. పెట్టుకున్నంతసేపూ తియ్యడమే పని. స్నానానికి తీసేవాడు. కాళ్లు కడుక్కోవాలంటే తీసేవాడు. కుడితి కలపాలంటే తీసేవాడు. తీసి, తుడిచి, చొక్కా జేబులో వేసుకునేవాడు. చినుకు పడితే అంతే. నీళ్లలో పడినా ఏం కాదన్నారంటగా బావా అని మా పిల్ల ఏడిపించేది. 'అంటారే, అమ్మేవాళ్లు అన్నీ అంటారు' అనేవాడు."

రాఘవులు తింటున్నాడు. తల ఎత్తలేదు. ఈ మాటలు అతను చాలాసార్లు విన్నట్టే ఉంది.

"ఇలాంటి వరద రోజులే. పెళ్లికని అవతలి ఒడ్డుకు బయల్దేరాం. ఇతను ముందెక్కాడు, తాడు పట్టుకున్నాడు. అది బల్ల మీద కాలు పెట్టింది. నేను దాని వెనకే ఉన్నాను సంచితో. బల్ల జారింది. పడవకీ ఒడ్డుకీ మధ్య దిగిపోయింది పిల్ల, నడుం దాకా. భయపడలేదయ్యా, నవ్వుతానే చెయ్యి పైకెత్తింది, చీర పాడైందే అన్నట్టు. ఇతని ఎడమ చెయ్యి ముందుకెళ్లింది. నేను చూశాను. వేళ్లు తగిలాయేమో కూడా. తర్వాత వెనక్కెళ్లింది. తాడొదిలేసి, కుడి చేత్తో వాచీ విప్పాడు. విప్పి, జేబులో వేసుకుని, మళ్లీ చాచాడు." ఆమె తన రెండు చేతులనూ చూసుకుంది. "అప్పటికి పడవ తిరిగిపోయింది. పిల్ల దాని కిందికి పోయింది. దూకాడు, దూకలేదనను. ఊరంతా దూకారు."

ముత్యాలరావు చేతిలో ముద్ద అలాగే ఉంది. "అయ్యో. కావాలని కాదు కదమ్మా, ఆ కంగారులో…"

"కావాలని ఎవరు చేస్తారయ్యా? ఇతని ప్రాణం మా పిల్ల. ఇంత అన్నం కూడా దాన్ని విడిచి తినేవాడు కాదు. ఆలోచించి చెయ్యలేదు. రోజూ చేసే పనే చేశాడు."

వాన మళ్లీ మొదలైంది. తాటాకు చూరు మీద ముందు మెల్లగా, తర్వాత గట్టిగా పడింది. 

"పెద్దకర్మ అయిన మర్నాడు ఈ వాచీని గోదాట్లో పారేస్తానని బయల్దేరాడు" అంది వీరాయమ్మ, ఈసారి కొంచెం మెత్తగా. "గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. 'రోజూ పెట్టుకోవడానికి కొన్నావు కదరా. పెట్టుకో' అన్నాను. ఆ రోజు పెట్టుకున్నాడు. అంతే."

రాఘవులు అప్పుడు నోరు విప్పాడు. "అత్తా, కాస్త మజ్జిగ" అన్నాడు, ఎడమ చేత్తో గ్లాసు ఎత్తి. ఆమె లేచి పోసింది. వాచీ మీద ఒక చుక్క పడింది. అతనూ తుడుచుకోలేదు, ఆమె కూడా తుడవలేదు.

తిరుగు దారిలో ముత్యాలరావు నది మధ్యకు వచ్చేదాకా మాట్లాడలేదు. అతను అంతసేపు ఊరుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. పోతురాజు కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, మనిషి ఉన్నాడా అని. చివరికి ముత్యాలరావు జేబులోంచి ఒక రుమాలు తీశాడు. విప్పాడు. అందులో ఉక్కు వాచీ ఉంది. కొత్తది, కళ్లు చెదిరేలా ఉంది.

"క్షమించాలి గురువుగారూ. మొన్ననే కొనేశానండి. మీ చెవిన వేసి మొదలుపెడదామని జేబులో తిప్పుతున్నాను. ఎక్కడ గీత పడుతుందోనని ఇంతవరకు చేతికి పెట్టలేదు."  "ఇప్పుడు తెలిసిందండి. వస్తువు మనకోసం గాని, మనం వస్తువు కోసం కాదు. వాడకానికి కొన్నది వాడాలి. ఇదిగో, మీ ఎదురుగా పెట్టుకుంటున్నాను. ఇక దేనికీ తియ్యను. పడితే పడనివ్వండి గీతలు!" అని ఎడమ చేతికి పెట్టుకుని, పడవ అంచు మీంచి వంగి, ఆ చెయ్యి మణికట్టు దాకా ఎర్ర నీళ్లలో ముంచాడు. ముంచి పైకి తీసి మాకు చూపించాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నాకూ తిరిగాయి. ఒక మనిషి మారడం కళ్లారా చూస్తున్నాననుకున్నాను.

గురువుగారు ఆ వాచీని చూశారు. "బాగుంది నాయనా" అన్నారు. 

మా రేవు వచ్చింది. వానకు బల్ల నానిపోయి బురద పట్టి ఉంది. ముత్యాలరావు ఉత్సాహంగా ముందు దిగాడు, కుడి చేత్తో తాడు అందుకున్నాడు, బిగించాడు, ఇటు తిరిగాడు. గురువుగారు బల్ల మీద కాలు పెట్టారు. పాదం కొద్దిగా జారింది. పెద్దగా ఏమీ కాదు, ఆ వయసులో ఎవరికైనా జారేటంతే. చెయ్యి చాచారు. వేళ్లకు పడవ బురద అంటుకుని ఉంది.

ముత్యాలరావు ఎడమ చెయ్యి సగం దాకా వచ్చింది. వచ్చి ఆగింది. తాడు వదిలేసి, కుడి చెయ్యి ఇచ్చాడు.

తాడు వదలగానే వరద పడవను లాగేసుకుంది. బల్ల ఒక పక్క దిగిపోయింది. గురువుగారు తొడ లోతు నీళ్లలోకి జారారు. వెనక నుంచి పోతురాజు ఆయన నడుం పట్టుకోబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఈ కథ నేను ఇలా నవ్వుతూ మొదలుపెట్టేవాణ్ణి కాదు. నేను దూకి తాడు పట్టుకున్నాను. ఎలాగో ఒడ్డు మీదకు చేర్చాం. పోతురాజుకు ఒళ్లు మండిపోయింది. "ఏటండి బాబూ, ఏటి ఒడ్డున పుట్టలేదేటండి తమరు? రేవులో తాడొదిలి కుడి చెయ్యి ఇస్తారా ఎవరన్నా? మనిషి పోయేవారు కదండీ!"

ముత్యాలరావు బురదలోనే గురువుగారి కాళ్ల మీద పడ్డాడు. "గురువుగారండి! తమరికి ఎడమ చెయ్యి ఎలా ఇస్తానండి? నా చెయ్యి ఆడలేదు. పాపం కదండీ!" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. నమ్మే అన్నాడు. అక్కడ చేరినవాళ్లలో ఇద్దరు ముగ్గురు, నిజమే, గురువుగారికి ఎడమ చెయ్యి ఎవరిస్తారు అని తల ఊపారు. నాకు కూడా, ఒక్క క్షణం, నిజమేననిపించింది.

గురువుగారు వంగి పంచె అంచు పిండుకున్నారు. ఎర్ర నీళ్లు ధారగా కారాయి. అవి ఆగేదాకా పిండి, ముత్యాలరావును భుజం పట్టి లేవదీసి, అతని మొహంలోకి చూశారు.

"పొద్దున్న ఎడమదే ఇచ్చావు నాయనా" అన్నారు.